కొలతక్క పెట్టె

కొలతక్క నింపిన తూటా తుస్సుమన్న రోజు లేదు. ఈ మాట ఊరంతా అనేది. ఊరు అనడం చాలదన్నట్టు ఆవిడ కూడా లోలోపల అనుకునేది. తంటా అంతా అక్కడే వచ్చిపడింది.

నిజానికి తూటా అన్న మాటే ఆ ఊరికి కొత్త. మనుషులు చుక్కల మధ్య కాపురాలు పెట్టి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క లేదు. యుద్ధమంటే కిరణం తుపాకులే. మీట నొక్కితే ఒక వెలుగు గీత, అంతే. చప్పుడు లేదు, కుదుపు లేదు. అలాంటిది శత్రువు ఒక ఓడను తెచ్చి ఊరి నెత్తిన నిలబెట్టాడు. దాన్ని ఆర్పుడు ఓడ అనేవారు. అది వచ్చిన పూటే దీపాలు ఆరిపోయాయి, ట్రాములు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. కిరణం తుపాకులు బట్టలారేసుకునే కర్రలుగా తప్ప ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆ వెనకే అల్లుళ్లు దిగబడ్డారు.

అల్లుళ్లంటే నిజం అల్లుళ్లు కాదులెండి. శత్రువు తొట్లలో పెంచిన జంతువులు. ఒళ్లంతా కండ, కండ మీద పెంకులు. వాటిలో కరెంటన్నదే లేదు కాబట్టి ఆర్పుడు ఓడ వాటినేమీ చెయ్యదు. పిలవకుండా వస్తాయి, దొరికిందల్లా తింటాయి, పొమ్మంటే పోవు. ఎవడో పోకిరీ ఆ పేరు పెట్టాడు, అది అలాగే అతుక్కుపోయింది. ఇంట్లో అల్లుడున్న పెద్దవాళ్లు మాత్రం ఆ పేరు పలికేటప్పుడు అటూ ఇటూ చూసుకునేవారు.

అప్పుడు గుర్తొచ్చాయి మందు తుపాకులు. ప్రదర్శనశాలలో అద్దాల వెనక దుమ్ము పట్టి ఉండేవి. పొడవాటి గొట్టం, వెనక ఆరు గదుల చక్రం, ఆ వెనక చిన్న సుత్తి. ట్రిగ్గర్ నొక్కితే చక్రం తిరిగి కొత్త తూటా ముందుకొస్తుంది, సుత్తి లేచి దాని మీద పడుతుంది, ఢాం. ఎవరి కరెంటూ అక్కర్లేదు. పెంకుల సందున, మెడ ఎత్తినప్పుడు గొంతు కింద తగిలిందా, ఎంత పెద్ద అల్లుడైనా బోర్లా పడాల్సిందే.

తూటాలు నింపే పని బట్టలుతికే దుకాణంలో పెట్టారు. ఇస్త్రీ బల్లల మీద మెత్తటి దుప్పట్లుంటాయి, నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, నిప్పురవ్వ పుట్టే వీలు తక్కువ. చెప్పులు బయట. గాజులు, పిన్నులు గుమ్మం దగ్గర డబ్బాలో. లోపల తక్కెడ దగ్గర అత్తగారు, నింపే బల్ల దగ్గర కొలతక్క.

అత్తగారంటే కొలతక్కకు అత్తగారు. అయినా ఆ దుకాణంలో అందరికీ అత్తగారే. ఒక పలకలో పట్టే తూటాలకు ఎంత మందు కావాలో సరిగ్గా అంతే తూచి గిన్నెలో పోసి ఇస్తుంది. పలక నిండేసరికి గిన్నె అడుగు అద్దంలా కనబడాలి. పెళ్లైన నాటినుంచి ఈనాటిదాకా ‘పొరపాటు నాది’ అన్న మాట ఆవిడ నోట కొలతక్క వినలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే అది ఉప్పు తప్పే అనే రకం.

కొలతక్క అంతకుముందు రంగుల దుకాణంలో పొళ్లు కలిపేది. ఆ చెయ్యే ఇక్కడా పనికొచ్చింది. చిల్లుల చెక్కపలకలో ఖాళీ తూటా గుల్లలు వరసగా నిలబెడుతుంది. ఎడమచేతి చూపుడువేలు నింపాల్సిన గుల్ల మీద ఆనించి ఉంచుతుంది, కుడిచేత్తో చెంచాడు మందు పోస్తుంది, వేలు పక్క గుల్ల మీదికి జరుపుతుంది. ఎక్కడిదాకా వచ్చిందీ కన్ను మరిచిపోయినా వేలు మరిచిపోదు. ఆ తరవాత సీసం గుండ్లు అదిమేసి, పెట్టెలో పేర్చి, పెట్టెకి తన ఎర్ర దారం కడుతుంది. మిగతావాళ్ల దారాలు వేరు. ఎర్ర దారం పెట్టె ఎప్పుడూ కూతురు పట్టుకుపోతుంది.

కూతురి పేరు ఏదైతేనేం, ఇంటా బయటా ఆ పిల్ల మొండే. ఆ పొద్దున కూడా చెప్పులు గుమ్మంలో విసిరేసి వచ్చి బల్ల ముందు నిలబడింది. పలక సగం నిండింది.

“అమ్మా, తొందరగా కానీ. ఇవాళ్టినుంచి నేను సొరంగం దగ్గర.”

కొలతక్క చెంచా గాల్లోనే ఆగింది. “ఎక్కడన్నావ్?”

“ట్రాము సొరంగం దగ్గర. మేడ మీద కాపలాకి వేరేవాళ్లని పెట్టారు.”

“నిన్నక్కడికి పంపిందెవరు?”

“ఎవరూ పంపలేదు. నేనే అడిగాను.”

ఇంకేముంది! కొలతక్క ఎడమచెయ్యి పైకెత్తి, ఆ చూపుడువేలే కూతురి మొహం మీద ఆడిస్తూ మొదలుపెట్టింది. “నువ్వే అడిగావా? నన్నడిగావా? మీ నాన్న పోయింది చాలలేదా? నిన్ను కని పెంచింది ఆ జంతువుల నోట్లో పెట్టడానికటే?”

“ఎవరో ఒకరు నిలబడకపోతే అవి ఇక్కడికే వస్తాయి. నీకు భయమేస్తే నువ్వు భయపడు. నన్ను భయపెట్టకు.”

“చెంచా చేతిలో ఉండగా నోరెత్తొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి!” అని అత్తగారు తక్కెడ దగ్గరనుంచి గదిమింది. “ముందు పని కానివ్వండి. మిగతాది ఇంటికెళ్లి తేల్చుకోండి.”

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. కొలతక్క వేలు మళ్లీ గుల్లల మీదికి దిగింది. మిగతా పలక బిగపట్టిన మొహంతో నింపింది, గుండ్లు అదిమింది, ఎర్ర దారం రెండు ముళ్లు ఎక్కువే వేసి కట్టింది. మొండి పెట్టె లాక్కుని వెళ్లిపోయింది. ‘వెళ్లొస్తా’ అనలేదు. ఈవిడా ‘జాగ్రత్త’ అనలేదు.

కోపం చల్లారాక గిన్నె తుడవబోయింది కొలతక్క. అడుగున మందు ఉంది. నల్లగా, పొడిగా, సరిగ్గా ఒక్క చెంచాడు.

తన ఎడమచేతి వేలికేసి చూసుకుంది. తిట్టడానికి ఎత్తిన వేలు. దించినప్పుడు అదే గుల్ల మీద పెట్టిందా, పక్కదాని మీద పెట్టిందా?

“అత్తయ్యా, ఇటు చూడండి.”

అత్తగారు వచ్చి గిన్నెలోకి చూసింది. కోడలి మొహంలోకి చూసింది. “నేనే ఎక్కువ పోశానేమోలేవే,” అంది మెల్లగా.

ఈవిడ నోట ఈ మాట వచ్చిందంటే అది ఓదార్పుకే, ఇక అనుమానం లేదు. మందు లేని తూటా ఒకటి పెట్టెలో ఉంది. ఆ పెట్టె మొండి చేతిలో ఉంది.

మందు లేని తూటా పేలకపోతే గొడవే లేదు. కాని దాని అడుగున చిన్న పేలుడు టోపీ ఒకటుంటుంది. సుత్తి దెబ్బకి అది చిటుక్కుమని సీసం గుండుని గొట్టం మధ్యదాకా నెట్టి అక్కడే ఇరికించేస్తుంది. తుస్సుమని చప్పుడొస్తుంది, అంతే. అప్పుడు ఆగాలి. ఆగకుండా మళ్లీ నొక్కితే, వెనకొచ్చే మంచి తూటాకి దారి ఉండదు, తుపాకీ మొహం మీదే పేలిపోతుంది. ఇది అందరికీ చెప్పారు. చెబితే ఏం లాభం? కిరణం తుపాకీ అప్పుడప్పుడూ మొరాయించేది. వెలగకపోతే మళ్లీ నొక్కు, మళ్లీ మళ్లీ నొక్కు అని చిన్నప్పుడే బళ్లో నేర్పేశారు. తలకి తెలుసు, వేలికి తెలియదు. పైగా మొండి! తలుపు గంట కూడా ఒక్కసారి నొక్కి ఊరుకునే పిల్ల కాదు.

కొలతక్క గిన్నె చేత్తో పట్టుకుని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

మెట్లన్నీ దిగాలి, లిఫ్టు ఎప్పుడో చచ్చింది. కింద వీధిలో ఆగిపోయిన ట్రాము కిటికీలకి ఎవరో బట్టలారేశారు. వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు సగంలో బిగుసుకుపోతే కుర్చీలు అడ్డం పెట్టుకుని జనం ఒంటిపక్కగా దూరుతున్నారు. నీళ్ల పంపు దగ్గర బారులో ఉన్నవాళ్లు “ఏమైంది కొలతక్కా?” అంటున్నారు. ఎవరికని చెప్తుంది? ఫోన్ లేదు. ఉన్నదల్లా సొరంగం దగ్గర వేలాడేసిన ఇనప ట్రాము పట్టా ముక్క. దాన్ని కొడితే అల్లుళ్లు వస్తున్నాయని అర్థం. ‘కాల్చకండి’ అనడానికి గంట ఎవరూ పెట్టుకోలేదు. అలాంటి అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?

సందు మలుపు తిరుగుతుండగానే ఆ గంట మోగింది.

సొరంగం వీధికి గొలుసు గేటు వేశారు. కాపలాకి దర్జీ ఉన్నాడు, మెడలో టేపు ఇంకా తియ్యలేదు.

“గంటయ్యాక ఎవర్నీ వదలకూడదక్కా.”

“తియ్యి తమ్ముడూ. నా తూటా ఒకటి బాగా లేదు. మొండి దగ్గరుంది.”

దర్జీ నవ్వేశాడు. “నీ తూటా బాగా లేకపోవడమేంటక్కా! పిల్లని వెనక్కి లాక్కుపోదామని వచ్చావా? రోజూ ఎవరో ఒక తల్లి వచ్చి ఏదో ఒకటి చెప్తూనే ఉంది. ఇంటికెళ్లు.”

అన్నాళ్లు మురిసిపోయిన పేరే ఇప్పుడు గేటుకి అడ్డంగా నిలబడింది. లోపల మొదటి తుపాకీ పేలింది. ఢాం. ఢాం అంటే ఇంకా బతికే ఉందన్నమాట. తుస్సు వినబడకూడదు. దేవుడా, తుస్సు వినబడకూడదు.

గిన్నె వాడి ముక్కు కింద పెట్టింది. “ఇది చూడు. అత్తయ్య తూచిన మందులో మిగిలింది. నువ్వు చొక్కా కుట్టి పంపేశాక ఒక చెయ్యి గుడ్డ బల్ల మీద మిగిలిపోతే ఏమంటావ్? కుట్టేశాననే అంటావా?”

దర్జీ మొహంలో నవ్వు మాయమైంది. గిన్నె అందుకుని గొలుసు తీశాడు.

సొరంగం నోటి దగ్గర ట్రాము సీట్లు, పాడైపోయిన బట్టల మిషన్లు, ఇనప బీరువాలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కట్టారు. దానికి ముందు, సరిగ్గా నోట్లో, పక్కకి ఒరిగిన ట్రాము పెట్టె ఒకటుంది. గోడ వెనక తుపాకులవాళ్లు వరసగా మోకాళ్ల మీద ఉన్నారు. తెల్లటి పొగ కళ్లు మండిస్తోంది. ఈ తుపాకుల మోతకి చెవులు పోతాయని అందరూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. ఎంత అరిచినా గోడకి చెప్పినట్టే.

ఎడమ చివర పసుపు గుడ్డ కట్టుకున్న తల కనబడింది. కొలతక్క వంగి, పాకి, వెనకనుంచి కూతురి మణికట్టు పట్టేసుకుంది. మొండి ఉలిక్కిపడి తిరిగింది. తల్లిని చూడగానే మొహం జేవురించింది. ఒక చెవి దూది లాగేసింది.

“ఇక్కడికి కూడా వచ్చావా! వదులు!”

“కాల్చకు! నా పెట్టె ఏదే?”

“ఏంటీ?”

“పెట్టె! ఎర్ర దారం పెట్టె!”

మొండి మోకాలి పక్కన పెట్టె ఉంది. దాని దారం నీలం.

“నీది ముందు నిలబడ్డవాళ్లకిస్తాం,” అని అరిచింది మొండి. “నీ తూటా తప్పదు కదా. ముందున్నవాళ్లకి ఎర్ర దారమని ఎప్పుడో అనుకున్నాం. ఇవాళ డ్రైవర్ మావయ్య వంతు.”

హమ్మయ్య అనుకుంది కొలతక్క. అవును, అనుకుంది. గుండెల మీదనుంచి బండ దిగినట్టయింది, కూతురి భుజం మీద తల వాల్చి ఏడవాలనిపించింది. నా పిల్ల కాదు. నా పిల్ల కాదు. ఆ సంతోషం ఎంతసేపుందో ఆవిడకే తెలియదు.

ఆ తరవాత తల ఎత్తి చూసింది. ముందు, ఒరిగిన ట్రాము పెట్టె చాటున, ఒంటరిగా డ్రైవరన్న వీపు కనబడుతోంది. తన ట్రామునే అడ్డం పెట్టుకున్నాడు. మొండి బడికెళ్లే రోజుల్లో తల్లీకూతుళ్లు జుట్టు కూడా దువ్వుకోకుండా పరుగెత్తుకొస్తుంటే గంట కొట్టి మరీ ఆపేవాడు. ‘నిదానంగా రా చెల్లెమ్మా, నేనెక్కడికీ పోను’ అనేవాడు. ఆయన మోకాలి దగ్గర ఎర్ర దారం నేల మీద పడి ఉంది.

“అందులో ఒకదాంట్లో మందు లేదే,” అంది కొలతక్క.

మొండి మొహం పాలిపోయింది. తుపాకీ పక్కన పడేసి గోడ ఎక్కబోయింది. తల్లి జబ్బ పట్టి కిందికి గుంజింది.

“నువ్వెక్కడికి? ఇక్కడే ఉండు. నేను వెళ్తాను. నా వెనక తుపాకీ పట్టుకుని ఎవరో ఒకరు ఉండాలా వద్దా? దాని గొంతు చూసుకో.”

పొద్దున ఏ చోటు గురించి అంత రాద్ధాంతం చేసిందో, ఆ చోట్లోనే కూతుర్ని తన చేత్తో కూర్చోబెట్టి కొలతక్క గోడ దిగింది.

సొరంగం చీకట్లోంచి అల్లుడు వస్తోంది. ముందు పెంకులు రాసుకుంటున్న చప్పుడు, తరవాత వాసన, ఆ తరవాత అది. డ్రైవరన్న కాల్చాడు. ఢాం. పెంకు ముక్క ఎగిరింది. మళ్లీ, ఢాం. అది ఆగలేదు. అది మెడ ఎత్తేదాకా దగ్గరికి రానివ్వాలి, మెడ ఎత్తాలంటే ట్రాము ఎక్కాలి. “అన్నా! ఆగన్నా!” అని అరుస్తూనే ఉంది కొలతక్క. గాజు పెంకులు పాదాల్లో దిగుతున్నాయి. దూది చెవులకి ఏ అన్నా వినబడదు.

అల్లుడి ముందరి కాళ్లు ట్రాము మీద పడ్డాయి. డ్రైవరన్న గురి చూసి నొక్కాడు.

తుస్.

ఆయన భుజం కదల్లేదు. గొట్టం చివర పొగ రాలేదు. ఆయన వేలు మాత్రం బళ్లో నేర్చుకున్నదే చేసింది. మళ్లీ నొక్కింది. చక్రం తిరుగుతోంది, సుత్తి లేస్తోంది. కొలతక్క ఆయన వీపు మీదుగా ఒరిగిపోయి, తన కుడిచెయ్యి ఆ సుత్తికీ చక్రానికీ మధ్య దూర్చేసింది.

సుత్తి పడింది. దాని ముక్కు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి కండలో దిగబడిపోయింది. కొలతక్క అరిచిన అరుపు దూదిలోంచి కూడా ఆయనకి వినబడింది.

“చెల్లెమ్మా! పిచ్చిగానీ ఎక్కిందా!” అన్నాడు ఆయన, బిత్తరపోయి.

“గుండు... లోపల... ఇరుక్కుంది,” అంది ఆవిడ. అంతకన్నా మాట రాలేదు. ఇద్దరి చేతుల్లో ఒకటే తుపాకీ, అది కూడా పనికిరానిది, పైన అల్లుడు మెడ ఎత్తుతోంది. పెంకుల సందు విచ్చుకుంది. లోపల గొంతు తెల్లగా, తడిగా కొట్టుకుంటోంది.

ఢాం.

వెనకనుంచి వచ్చింది. వాళ్ల తలల మీదుగా గాలి కోసుకుంటూ పోయింది. అల్లుడు ఇంకొంచెం ఎక్కబోయింది, ఎక్కలేకపోయింది, ట్రాము మీదే కూలబడింది. గోడ మీద మొండి నిలబడి ఉంది, దాక్కోవడం మరిచిపోయి. “దిగవే, తలకాయ దించు!” అని అరిచి కొలతక్క స్పృహ తప్పింది.

మధ్యాహ్నానికి దుకాణంలో ఇస్త్రీ బల్ల మీద ఆ తుపాకీ పడుకోబెట్టారు. డ్రైవరన్న గొట్టంలోకి చువ్వ దూర్చి కొట్టాడు. సీసం గుండు దుప్పటి మీదికి దొర్లింది. ఆయన దాన్ని తీసుకుని చాలాసేపు అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

“తుస్సంటే ఆగండ్రా అని అందరికీ చెప్పేది నేనే,” అన్నాడు. “నా వేలే నా మాట వినలేదు చూడు.”

కొలతక్క కుడిచేతికి కట్టు లావుగా ఉంది. బొటనవేలు మళ్లీ వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. ఆవిడ నేలకేసి చూస్తూ అంది, “తప్పు నీ వేలిది కాదన్నా, నాది. ఇంకోటి కూడా ఉంది. ఆ పెట్టె మొండి దగ్గర లేదని తెలియగానే నాకు సంతోషమేసింది. నీ దగ్గరుందని తెలిసి కూడా.”

డ్రైవరన్న గుండుని జేబులో వేసుకున్నాడు. “బాధ లేదంటే అబద్ధమే అవుతుంది చెల్లెమ్మా,” అన్నాడు చివరికి. “కాని నువ్వు అక్కడే కూర్చుని సంతోషపడలేదుగా. వచ్చావు.” లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “సాయంత్రానికి పెట్టె కావాలి. ఎర్ర దారందే ఇవ్వు.”

“ఎర్ర దారం ఇంక లేదన్నా. అన్నిటికీ తెల్లదే కట్టమన్నాను. ఏ పెట్టె ఎవరికి పోతుందో ఇక్కడున్న ఎవరికీ తెలియకూడదు. నాకసలే తెలియకూడదు.”

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. కోపం పూర్తిగా పోయిందో లేదో ఆ వీపు చూస్తే తెలియలేదు.

పలక సిద్ధంగా ఉంది. కొలతక్కకు చెంచా పట్టే చెయ్యి లేదు. మొండి చేతులు కడుక్కుని, గాజులు డబ్బాలో వేసి, బల్ల దగ్గరికి వచ్చి చెంచా తీసుకుంది. తల్లి ఎడమచేతి చూపుడువేలు మొదటి గుల్ల మీద ఆనించింది. మొండి పోసింది. వేలు జరిగింది. మొండి పోసింది.

సగం పలకలో మొండి గొంతు సవరించుకుంది. “అమ్మా, పొద్దున నేను...”

“నోరు ముయ్యవే!” అన్నారు అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారే.

వేలు కదల్లేదు. మొండి కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవులు బిగించుకుని పోసింది. వేలు పక్క గుల్ల మీదికి జరిగింది. చివరి గుల్లదాకా ఆ గదిలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

మొండి గిన్నె ఎత్తి వెలుతురులోకి వంచింది. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చూశారు. అడుగు అద్దంలా ఉంది.

అత్తగారు తక్కెడ దగ్గరికి వెళ్లి కూర్చుని, కోడలికేసి చూడకుండా రాళ్లు సర్దుకుంటూ అంది, “నేనెప్పుడైనా ఎక్కువ పోశానటే?”